ప్రకటనకు అడ్డుకట్ట, అడ్డుకట్టకు గండి

2023 మధ్యలో కొంతమంది యూట్యూబ్ ప్రేక్షకులకు వీడియో రావాల్సిన చోట ఒక నోటీసు వచ్చింది. మీరు యాడ్ బ్లాకర్ వాడుతున్నట్టు కనిపిస్తోంది, దాన్ని తీసేయండి, లేకపోతే మూడు వీడియోల తర్వాత ప్లేయర్ ఆగిపోతుంది అని దాని సారాంశం. ప్రకటనలు వద్దనుకుంటే డబ్బు కట్టి ప్రీమియం తీసుకోమని పక్కనే సలహా కూడా ఉంది. అప్పటికి అది కొద్దిమంది మీద చేసిన ప్రయోగం. ఆ ఏడాది చివరికల్లా ప్రపంచమంతటా ఇదే పని చేస్తున్నామని కంపెనీ బాహాటంగా చెప్పింది. అంతకుముందు చాలా ఏళ్లపాటు యూట్యూబ్ ఈ బ్లాకర్లను చూసీచూడనట్టు వదిలేసింది. ఆ ఓపిక అక్కడితో అయిపోయింది.

అప్పట్నుంచీ సాగుతున్న పోరును చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. యాడ్ బ్లాకర్ వాడటం దొంగతనమని కొందరు, అడగని ప్రకటనను నెత్తిన రుద్దడమే దౌర్జన్యమని ఇంకొందరు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. తేలాల్సిన విషయం వేరే ఉంది. మన డబ్బుతో కొనుక్కున్న కంప్యూటర్లో, మన ఇంట్లో, ఏ ప్రోగ్రాం నడవాలో ఏది నడవకూడదో నిర్ణయించే చివరి మాట ఎవరిది? ఈ ప్రశ్న ఎందుకంత పెద్దదో తెలియాలంటే ముందు ఒక వీడియో మన దాకా ఎలా వస్తుందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

మనం ఒక వీడియోను నొక్కగానే అది ఒకే ముద్దగా వచ్చి పడదు. మొదట వచ్చేది పేజీ. దానితోపాటు జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన పెద్ద ప్రోగ్రాం వస్తుంది. ఇది కంపెనీ రాసిన ప్రోగ్రామే అయినా నడిచేది మన కంప్యూటర్లో, మన కరెంటుతో. ఆ ప్రోగ్రాం సర్వర్‌ను అడుగుతుంది: ఈ మనిషికి ఈ వీడియో కావాలట, వివరాలు పంపు అని. సర్వర్ ఒక జాబితా పంపుతుంది. వీడియో పేరేమిటి, నిడివి ఎంత, సబ్‌టైటిల్స్ ఉన్నాయా, వీడియో ముక్కలు ఏ చిరునామాల్లో దొరుకుతాయి, ఏ చోట ఏ ప్రకటన వేయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. వీడియో ఎప్పుడూ కొన్ని సెకన్ల ముక్కలుగానే వస్తుంది. ప్లేయర్ ఆ జాబితా చదువుకుని, ముందు ప్రకటన వేసి, తర్వాత ముక్కలను ఒకదాని వెనక ఒకటి తెప్పించుకుంటుంది.

ప్రకటన వేయాలన్న నిర్ణయం కంపెనీ సర్వర్లో జరిగినా దాన్ని అమలు చేసేది మన బ్రౌజరే. యాడ్ బ్లాకర్ బతుకంతా ఈ సందులోనే ఉంది.

మామూలు వెబ్‌సైట్లలో బ్లాకర్ పని తేలిక. ఒక వార్తా సైటు తెరిస్తే వార్త ఆ సైటు సర్వర్ నుంచి వస్తుంది, ప్రకటనలేమో ప్రకటనల వ్యాపారం చేసే వేరే కంపెనీల సర్వర్ల నుంచి వస్తాయి. ఆ సర్వర్ల చిరునామాలన్నీ పోగేసిన జాబితాలు ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది ఈజీలిస్ట్. బ్రౌజర్ ఆ చిరునామాల్లో దేన్నయినా అడగబోతే బ్లాకర్ అడ్డుపడుతుంది. అడగని ప్రకటన రాదు. ప్రకటనలను బ్రౌజర్లోనే ఆపే ఆలోచనకు 2002లో రూపం ఇచ్చినవాడు డెన్మార్క్ విద్యార్థి హెన్రిక్ ఆస్టెడ్ సోరెన్సెన్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఇంకా ఫీనిక్స్ అనే పేరుతో ఉన్న రోజుల్లో దానికి ఆడ్‌బ్లాక్ అనే చిన్న అనుబంధం (ఎక్స్‌టెన్షన్) రాశాడు. తర్వాత వ్లాదిమిర్ పలాంట్ దాన్ని ఆడ్‌బ్లాక్ ప్లస్‌గా తిరగరాశాడు.

యూట్యూబ్ దగ్గర ఈ పాత ఉపాయం పారదు. ప్రకటన కూడా వీడియోనే. అది కూడా అసలు వీడియో వచ్చే గూగుల్ సర్వర్ల నుంచే వస్తుంది. చిరునామాను అడ్డుకుంటే ప్రకటనతోపాటు వీడియో కూడా ఆగిపోతుంది. ఇంట్లో వైఫైకి ప్రకటనల వడపోత పెట్టుకున్నవాళ్లకు యూట్యూబ్ ప్రకటనలు మాత్రం యథావిధిగా రావడానికి కారణం ఇదే. అందుకని బ్లాకర్లు ఇంకొంచెం లోపలికి దిగాయి. సర్వర్ పంపిన జాబితా ప్లేయర్ చేతికి చేరేలోపు దాన్ని అందుకుని, ప్రకటనల వివరాలున్న భాగాన్ని తీసేసి, మిగతాది అందిస్తాయి. ప్లేయర్ దాన్ని చదివి ఈ వీడియోకు ప్రకటనలు లేవనుకుంటుంది, నేరుగా వీడియో మొదలుపెడుతుంది. ఈ పనిలో అందరికంటే ముందున్నది రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ రాసిన యూబ్లాక్ ఆరిజిన్. అది ఉచితం. విరాళాలు కూడా తీసుకోరు. దాని వడపోత జాబితాలను ఎప్పటికప్పుడు సరిచేసేది కూడా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే.

యూట్యూబ్ ఏం చేసిందంటే, తన ప్రోగ్రాంలోనే ఒక తనిఖీ పెట్టింది. ప్రకటన వేయమని పంపాం కదా, వేసినట్టు కబురు రాలేదేం అని అది చూస్తుంది. రాకపోతే నోటీసు. బ్లాకర్లు ఆ తనిఖీ ఎక్కడుందో వెతికి దానికీ జవాబు సిద్ధం చేశాయి. కంపెనీ తనిఖీ రాసిన తీరు మార్చింది. 2023 అక్టోబరులో ఈ ఎత్తులూ పైఎత్తులూ పరాకాష్ఠకు చేరాయి. యూట్యూబ్ ఒకే రోజులో ఒకటికి మించి సార్లు తన ప్రోగ్రాం మార్చడం, యూబ్లాక్ ఆరిజిన్ వాళ్లు గంటల్లోనే జాబితా సవరించడం రివాజైపోయింది. పొద్దున పనిచేసిన బ్లాకర్ సాయంత్రానికి పనిచేయకపోవడం, మళ్లీ రాత్రికి బాగుపడటం ఆ రోజుల్లో వాడుకరులందరికీ అనుభవమే. జీతం లేకుండా పనిచేసే కొద్దిమంది ఒకవైపు. 2024లో ఒక్క ప్రకటనల మీదే 3,600 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు మూడు లక్షల కోట్ల రూపాయలు సంపాదించిన సంస్థ ఇంకోవైపు. ఇన్నాళ్లు ఈ పోరు తెగకుండా సాగిందంటే కారణం పైన చెప్పిన ఆ సందే. ప్రోగ్రాం మన కంప్యూటర్లో నడుస్తున్నంతకాలం దాన్ని చదివే వీలు, మార్చే వీలు మనకు ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. 2024 జనవరిలో యూట్యూబ్ చాలామందికి నత్తనడక నడిచింది. బ్లాకర్లు వాడేవాళ్ల మీద కంపెనీ కక్ష తీర్చుకుంటోందని పెద్ద దుమారం లేచింది. తీరా చూస్తే తప్పు ఆడ్‌బ్లాక్, ఆడ్‌బ్లాక్ ప్లస్ కొత్త వెర్షన్లలో దొర్లిన లోపానిది. దాన్ని గుర్తించి బయటపెట్టినవాళ్లలో రేమండ్ హిల్ కూడా ఉన్నాడు. యూట్యూబ్ మీద కోపం ఉంటే ఉండొచ్చు, నింద వేసేముందు మాత్రం ఆధారం చూసుకోవాలి.

2024 జూన్‌లో పోరు కొత్త మలుపు తిరిగింది. ప్రకటనను విడిగా పంపకుండా సర్వర్లోనే వీడియో ముక్కల మధ్య కలిపి పంపే పద్ధతిని యూట్యూబ్ కొందరి మీద పరీక్షిస్తోందని స్పాన్సర్‌బ్లాక్ అనే అనుబంధం రాసిన ప్రోగ్రామర్ గమనించి చెప్పాడు. దీన్ని సర్వర్‌వైపు చొప్పించడం అంటారు. ఆటల ప్రత్యక్ష ప్రసారాలకు పేరున్న ట్విచ్ ఈ పద్ధతిని చాలా ముందునుంచే వాడుతోంది. ఇంతవరకూ జరిగింది పేపరు మడతలో పెట్టిన కరపత్రం లాంటిది. పేపరు విదిలిస్తే కరపత్రం కింద పడుతుంది. కొత్త పద్ధతిలో ప్రకటన వార్త పక్కనే, అదే కాగితం మీద, అదే సిరాతో అచ్చయి వస్తుంది. విదిలిస్తే రాలేది ఏమీ ఉండదు.

అలాగైతే బ్లాకర్ల కథ ముగిసినట్టేనా అని చాలామంది అడిగారు. ముగియలేదు. కారణం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే విషయం.

ముందుగా యూట్యూబ్‌కే వచ్చే ఇబ్బందులు చూడండి. నాకు ముప్పై సెకన్ల ప్రకటన, మీకు పదిహేను సెకన్లది, ఇంకొకరికి అసలు లేదు. అదే వీడియోలో ఒక దృశ్యం నాకు ఐదో నిమిషంలో వస్తే మీకు ఇంకొంచెం ముందు వస్తుంది. ఫలానా నిమిషం దగ్గర చూడు అని స్నేహితుడు పంపిన లింకు, కింద పడే సబ్‌టైటిల్స్, వీడియోను భాగాలుగా విడగొట్టే గుర్తులు అన్నీ పక్కకు జరిగిపోతాయి. వాటిని సరిచేయాలంటే ప్రకటన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ప్లేయర్‌కు తెలియాలి. దాటవేసే బటన్ చూపించాలన్నా, నొక్కితే ప్రకటనదారు సైటుకు తీసుకెళ్లాలన్నా ఆ సమాచారం తప్పదు. ప్లేయర్‌కు చెప్పిన మాట బ్లాకర్‌కూ వినిపిస్తుంది.

దీనికంటే లోతైన అడ్డంకి ఇంకొకటి ఉంది. ఇది ప్రకటన అని చూసేవాడికి స్పష్టంగా తెలియాలన్నది చాలా దేశాల్లో నియమం. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ కూడా డబ్బు తీసుకుని చేసిన ప్రచారానికి ఆ ముద్ర వేయాలని 2021లో సోషల్ మీడియా ప్రముఖులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక పత్రంలో ఈ తర్కాన్నే ముందుకు తెచ్చారు. ప్రకటన అని మనిషికి తెలిసేలా గుర్తు పెట్టక తప్పనప్పుడు, మనిషి చూసినట్టే తెరను చూసి ఆ గుర్తును పట్టుకునే ప్రోగ్రాం రాయవచ్చు, కాబట్టి ఈ పోరులో చివరి పైచేయి వాడుకరిదే కావచ్చు అన్నారు. రాసి చూపించారు కూడా. ప్రకటన ఏదో వీడియో ఏదో తెలియకుండా కలిపేస్తే తప్ప బ్లాకర్‌ను పూర్తిగా ఓడించలేరు. అలా కలిపేయడం ప్రేక్షకుణ్ని మోసగించడమే అవుతుంది, చట్టం ఒప్పుకోదు.

ఈ గొడవ ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. టీవీ కార్యక్రమాలను ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామాక్స్ కేసులో తేల్చింది. ప్రకటనలను వాటంతటవే దాటించే రీప్లేటీవీ అనే పెట్టె వచ్చినప్పుడు 2001లో టీవీ కంపెనీలు కేసు వేశాయి. ఆ మరుసటేడు టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్ అధిపతి జేమీ కెల్నర్ ఒక ఇంటర్వ్యూలో, ప్రకటనలు చూస్తామన్న ఒప్పందం మీదే ప్రేక్షకుడు కార్యక్రమం చూస్తున్నాడని, దాటేస్తే అది దొంగతనమేనని వాదించాడు. మధ్యలో బాత్రూముకు వెళ్లి రావడాన్ని కొంతవరకు సహించవచ్చన్నాడు. ఆ ఒప్పందం మీద ఏ ప్రేక్షకుడూ సంతకం చేయలేదు. రీప్లేటీవీ కేసు తీర్పుదాకా రానేలేదు. పెట్టె తయారు చేసిన కంపెనీ 2003లో దివాలా తీసింది.

ఇక డబ్బు సంగతి. వీడియోలు దాచడానికి, పంపడానికి అయ్యే ఖర్చు ఒక ఎత్తయితే, వీడియోలు తీసేవాళ్ల బతుకు ఇంకో ఎత్తు. పొడవు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం తీసినవాళ్లకు వెళుతుంది, 45 శాతం యూట్యూబ్ ఉంచుకుంటుంది. షార్ట్స్‌లో లెక్క తిరగబడి తీసినవాళ్ల వాటా 45 శాతం. భారత్‌లో సృష్టికర్తలకు, కళాకారులకు, మీడియా సంస్థలకు మూడేళ్లలో 21,000 కోట్ల రూపాయలకు పైగా చెల్లించామని యూట్యూబ్ సీఈఓ నీల్ మోహన్ 2025 మేలో ముంబయి వేవ్స్ సదస్సులో చెప్పాడు. ఆ డబ్బు ఎక్కడికి చేరుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వచ్చింది. వ్యవసాయ కూలీగా జీవితం గడిపిన గంగవ్వ దాని ద్వారానే ఇంటింటికీ తెలిసింది. వందేళ్లు దాటిన మస్తానమ్మ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద పుచ్చకాయలో కోడికూర వండితే కంట్రీ ఫుడ్స్ ఛానెల్లో ప్రపంచమంతా చూసింది. ఏ టీవీ ఛానెలూ వీళ్లకు స్టూడియో తలుపు తీసేది కాదు. ప్రకటనల డబ్బు ఆ తలుపు అవసరమే లేకుండా చేసింది.

యాడ్ బ్లాకర్ పెట్టుకుని చూసినప్పుడు ఆ 55 శాతం కూడా పోతుంది. ప్రీమియం కట్టినవాళ్ల డబ్బులో చూసిన సమయాన్ని బట్టి ఛానెల్‌కు వాటా వస్తుంది. బ్లాకర్‌తో చూసిన గంటకు ఏమీ రాదు. తెలుగు ఛానెళ్లకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. అమెరికాలో ఒక వీక్షణకు పలికే ప్రకటన ధర మన దేశంలో పలికే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని చూసే ఒక తెలుగు ఇంటి విలువ, లెక్కల్లో, ఇక్కడి చాలా ఇళ్ల విలువకు సమానం. బ్లాకర్లు బాగా పనిచేసేది లాప్‌టాప్ బ్రౌజర్లలో. ఫోన్లో యూట్యూబ్ యాప్ వాడే మన ఊళ్లవాళ్లకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. బ్లాకర్ పెట్టుకునే వీలు ఎవరికి ఎక్కువో, ఛానెల్‌కు ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టేదీ వాళ్లే. ఇది తెలిసిన ప్రవాసులు తమకిష్టమైన చిన్న ఛానెళ్లకైనా బ్లాకర్‌లో మినహాయింపు ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను. దాదాపు ప్రతి బ్లాకర్‌లోనూ ఒక సైటును మినహాయించే ఏర్పాటు ఉంటుంది. యూట్యూబ్‌లో ఒక్కో ఛానెల్‌కు ఇవ్వడం కాస్త పనే, అయినా చేయదగిన పని.

ఫోన్ వాడేవాళ్ల దారి వేరుగా సాగింది. యూట్యూబ్ యాప్‌నే విప్పి, ప్రకటనలు తీసేసి, మళ్లీ కట్టిన వాన్స్‌డ్ అనే యాప్ మన దగ్గర కూడా బాగా వ్యాపించింది. గూగుల్ నుంచి లీగల్ నోటీసు రావడంతో 2022 మార్చిలో దాన్ని తయారు చేసినవాళ్లు మూసేశారు. దాని పేరు మాత్రం ఇంకా బతికే ఉంది. ఆ పేరుతో ఎవరెవరో పెట్టిన సైట్ల నుంచి యాప్ దించుకుని, అందులో గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ కొట్టేవాళ్లను చూస్తే భయం వేస్తుంది. ఆ ఒక్క పాస్‌వర్డ్ వెనకే ఈమెయిలు, ఫొటోలు, బ్యాంకు కబుర్లు అన్నీ ఉంటాయి. ప్రకటన తప్పించుకోవడానికి అంత మూల్యం కట్టకండి.

ఇంత చెప్పాక కూడా ప్రేక్షకుడి ఫిర్యాదు న్యాయమైనదేనని నేను అంటాను. 2010 చివర్లో యూట్యూబ్ దాటవేసే ప్రకటనలు తెచ్చినప్పుడు అందులో ఒక మర్యాద ఉండేది. ఐదు సెకన్లు చూడు, నచ్చకపోతే దాటెయ్. తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చే జంట ప్రకటనలు వచ్చాయి, దాటవేయలేనివి వచ్చాయి, టీవీ తెర మీద ముప్పై సెకన్లు కదలనివ్వనివి వచ్చాయి. టీవీ ఛానెల్‌కు మన దేశంలో గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నియమాల్లో రాసి ఉంది. అమలు ఎలా ఉన్నా, కాగితం మీదైనా ఒక హద్దు ఉంది. ఇంటర్నెట్ వీడియోకు ఆ హద్దు కూడా లేదు. ఎన్ని వేయాలో, ఎంతసేపు వేయాలో కంపెనీ ఒక్కటే నిర్ణయిస్తుంది.

డబ్బు కడితే పీడ వదులుతుందా అంటే, ఆ మాటకూ భరోసా లేదు. యూట్యూబ్ ప్రీమియం మన దేశంలో 2019లో నెలకు 129 రూపాయలతో మొదలై 2024లో 149కి చేరింది. అక్కడ ఇప్పటికైతే ప్రకటనలు లేవు. అమెజాన్ ప్రైమ్‌కు ఏడాది చందా కట్టినవాళ్లకు మాత్రం 2025 జూన్ నుంచి సినిమాల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 రూపాయలు కట్టమన్నారు. కొన్నప్పుడు ఉన్న షరతు వేరు, తర్వాత మారిన షరతు వేరు.

ప్రకటన అంటే సమయం ఒక్కటే కాదు. దాని వెనక మనం ఏం చూశామో, ఎక్కడున్నామో, ఏం కొనబోతున్నామో వెంటాడే యంత్రాంగం ఉంటుంది. మోసగాళ్లు కూడా డబ్బు కట్టి ప్రకటన వేసుకోగలరు. అసలు బ్యాంకులా, అసలు సాఫ్ట్‌వేర్ కంపెనీలా కనిపించే నకిలీ ప్రకటనలు పెరిగిపోయాయని, ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో ప్రజలకు సలహా ఇచ్చింది. ఒక ప్రభుత్వ దర్యాప్తు సంస్థే భద్రత కోసం వాడమన్న వస్తువును దొంగ పనిముట్టు అనడం నాకు సబబుగా తోచదు.

బ్లాకర్లవాళ్లందరూ సాధువులని కూడా అనలేను. ఆడ్‌బ్లాక్ ప్లస్ వెనకున్న జర్మనీ కంపెనీ ఐయో 2011లో ఆమోదయోగ్యమైన ప్రకటనలు అనే పథకం పెట్టింది. కళ్లకు ఇబ్బంది కలిగించని ప్రకటనలను అడ్డుకోకుండా వదిలే పద్ధతి అది. ఆలోచన మంచిదే, కానీ పెద్ద కంపెనీలు ఆ జాబితాలో ఉండటానికి డబ్బు కట్టాలి. కట్టినవాళ్లలో గూగుల్ కూడా ఉందని 2015లో వార్తలొచ్చాయి. ప్రకటన ఆపేవాడే ప్రకటన వదలడానికి డబ్బు తీసుకుంటే వాడుకరి ఎవరిని నమ్మాలి? అందుకే ఎవరి దగ్గరా పైసా తీసుకోని యూబ్లాక్ ఆరిజిన్ మీద నాకు గౌరవం ఎక్కువ.

మామూలు యాడ్ బ్లాకర్లకు అందని ప్రకటనలూ ఉన్నాయి. వీడియో తీసినవాడే మధ్యలో ఆగి, ఫలానా యాప్ దించుకోండి, నా లింకుతో చేరండి అని చెప్పేవి. బెట్టింగ్ యాప్‌లకు ఇలా ప్రచారం చేశారని 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినీతారల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. ప్రకటన వేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆ యాప్‌ల వల్ల అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు చదివినవాళ్లకు ఈ చట్టం ఆలస్యంగా వచ్చినట్టే అనిపిస్తుంది. ప్రకటనల బెడదను చట్టం ఎక్కడ పట్టుకోగలదో ఇది చూపించింది. ఎలాంటి ప్రకటన వేయకూడదో చెప్పగలిగిన పార్లమెంటు, గంటకు ఎన్ని నిమిషాలు వేయొచ్చో కూడా చెప్పగలదు. టీవీకి చెప్పినట్టే.

అది జరిగేదాకా పోరు సాగుతూనే ఉంటుంది. మనం గమనించాల్సిన సంగతి, యుద్ధభూమి మారుతోంది. యూట్యూబ్ పేజీలో తేలని వ్యవహారాన్ని కంపెనీ బ్రౌజర్లోకి, పరికరంలోకి తీసుకెళుతోంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే బ్రౌజర్ క్రోమ్ గూగుల్‌దే. అనుబంధాలు ఎలా పనిచేయాలో చెప్పే నియమావళిని గూగుల్ మార్చింది. కొత్తదాని పేరు మేనిఫెస్ట్ వి3. పాత పద్ధతిలో బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థననూ బ్లాకర్ స్వయంగా చూసి, ఆపాలో వదలాలో అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో నియమాల పట్టికను ముందే బ్రౌజర్‌కు అప్పగించాలి, తీర్పు చెప్పేది బ్రౌజర్. పట్టికకు పరిమితి ఉంది. పట్టిక మారినప్పుడల్లా చాలావరకు అనుబంధాన్నే కొత్తగా స్టోరుకు పంపి అనుమతి తెచ్చుకోవాలి. గంటల్లో సవరించే స్వచ్ఛంద సేవకుల బలాన్ని ఇది సరిగ్గా దెబ్బతీసింది. భద్రత కోసమే చేశామని గూగుల్ అంటుంది. చెడ్డ అనుబంధం చేతిలో అంత అధికారం ఉండటం ప్రమాదమన్న మాట నిజమే. అయినా ప్రకటనల మీద బతికే సంస్థే ప్రకటనలు ఆపే పనిముట్లకు హద్దులు గీయడంలో ఉన్న స్వార్థం దాగేది కాదు. 2024లో మొదలైన మార్పు 2025 మధ్యకు దాదాపు పూర్తయి, అసలు యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో పనిచేయడం మానేసింది. దాని తేలికపాటి రూపం లైట్ ఒక్కటే మిగిలింది. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కూడా కొనసాగిస్తోంది.

ఇంకో ప్రయత్నం 2023లో జరిగింది. వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటిగ్రిటీ పేరుతో గూగుల్ ఉద్యోగులు ఒక ప్రతిపాదన పెట్టారు. మన బ్రౌజర్, మన పరికరం మార్పులేవీ లేకుండా ఉన్నాయని ఒక మూడో పక్షం ధ్రువీకరించి సైటుకు చెప్పే ఏర్పాటు అది. ప్రపంచమంతా ఎదురుతిరగడంతో ఆ నవంబరులో విరమించుకున్నారు. స్మార్ట్ టీవీలో అలాంటి ధ్రువపత్రం అవసరమే లేదు. అక్కడ కంపెనీ యాప్ తప్ప వేరే దారి దాదాపు ఉండదు, అనుబంధాలు పెట్టుకునే చోటే లేదు. అమెరికాలో యూట్యూబ్‌ను ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువసేపు చూస్తున్నది టీవీ తెర మీదే.

మిగిలింది కోర్టు. జర్మనీ పత్రికా సంస్థ ఆక్సెల్ స్ప్రింగర్ ఐయో మీద పదేళ్లకు పైగా పోరాడుతోంది. 2018 ఏప్రిల్‌లో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం యాడ్ బ్లాకర్ అన్యాయమైన పోటీ కిందికి రాదని, వాడాలా వద్దా అన్న నిర్ణయం వాడుకరిదేనని తీర్పు చెప్పింది. స్ప్రింగర్ ఆగలేదు. మా పేజీలో ఉన్న ప్రోగ్రాంకు కాపీరైట్ ఉంది, బ్లాకర్ దాన్ని అనుమతి లేకుండా మారుస్తోంది అని కొత్త వాదన ఎత్తుకుంది. హాంబర్గ్ కోర్టు కొట్టేసింది. 2025 జులై 31న అదే అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పులో కొంత భాగాన్ని పక్కనపెట్టి, విషయాన్ని మళ్లీ లోతుగా పరిశీలించమని కేసును హాంబర్గ్‌కు తిప్పి పంపింది. ఈ కాపీరైట్ కేసులో బ్లాకర్ తప్పని ఇంకా ఏ కోర్టూ అనలేదు, తప్పు కాదని కూడా ఖాయం కాలేదు.

ఆ కేసులో తేలేది ప్రకటనలతో ఆగదు. మన బ్రౌజర్లో నడిచే పేజీని మార్చడానికి పేజీ యజమాని అనుమతి కావాలన్న సూత్రం నిలబడితే, అది చూపులేనివాళ్లకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లగలదు. అక్షరాలు పెద్దవి చేసే అనుబంధాల దాకా, ఇంగ్లిష్ పేజీని తెలుగులోకి మార్చి చూపే అనువాద యంత్రాల దాకా, వెంటాడే కుకీలను ఆపే పరికరాల దాకా వెళ్లగలదు. ఇవన్నీ చేసేది కూడా అదే పని: సర్వర్ పంపినదాన్ని వాడుకరి అవసరానికి తగ్గట్టు అతని కంప్యూటర్లోనే మార్చడం. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఈ భయాన్నే బయటికి చెప్పింది. హాంబర్గ్ న్యాయమూర్తులు ఆ గీత ఎక్కడ గీస్తారన్నది యూట్యూబ్ ఎన్నడూ చూడనివాళ్లకు కూడా అవసరమైన విషయం.